మంచువేళ చిన్నకారు

మన తెనుగువారు మంచు అను నొక్క మాటతో ఎన్ని వస్తువులనో పిలుచుచుందురు. గడ్డిపరక కొనయందు నిలిచిన నీటిబొట్టు మంచే. పుష్యమాసమున తెల్లవారుజామున వరిమళ్లపై పరచుకొను తెల్లని పొగయు మంచే. హిమాలయ శిఖరములపై ఏండ్లకొలది పేరుకొని గట్టిపడినదియు మంచే. చదువుకొన్నవారు నీహారమనియు, తుషారమనియు, హిమమనియు వేరుచేసి వ్రాయుదురు గాని, ఇంటిలో మాటలాడుకొనునపుడు ఆ భేదములను ఎవరును పాటింపరు. ఇందువలన నొక వింత జరుగుచున్నది. కారంచేటిలోని తల్లి టెలిఫోనులో, "ఇవాళ మంచు విపరీతంగా ఉందే అమ్మాయీ, నాన్నగారు చీరాల బయలుదేరారు, మనసు కుదురుగా లేదు" అనును. ఇంగ్లండులోనో జర్మనీలోనో కాపురమున్న కూతురు, "ఇక్కడా మంచేనమ్మా, రేపు పొద్దున నేనూ బండి తీయాలి" అనును. ఇద్దరును నిజమే చెప్పుచున్నారు. కాని తల్లి తలచుకొను మంచు కన్నులకు అడ్డుపడునది. కూతురు చెప్పు మంచు చక్రముల క్రింద జారునది.

ఈ రెండింటికిని తగిన జాగ్రత్తలు కొన్ని ఒకటే, కొన్ని వేరు. చేతితో గేర్లు మార్చుకొను చిన్నకార్లను నడుపు సోదరీమణులను ఉద్దేశించి వానిని ఇచ్చట వ్రాయ దలచితిమి. ఏలయన నేడు మన పల్లెలలో స్త్రీలు స్కూటరుతో సరిపెట్టుకొనక కార్లును నడుపుచున్నారు. పిల్లలను బడికి చేర్చుట, అత్తగారిని వైద్యుని వద్దకు తీసికొనిపోవుట, పండుగకు వచ్చు చుట్టములను రైలుస్టేషను నుండి తెచ్చుట వారి పనియే యైనది. ఇల్లాలు బండి నడుపుచుండగా ప్రక్కన కూర్చున్న పెద్దమనిషి తన కాలిక్రింద లేని బ్రేకును త్రొక్కుచుండుటయు మన మెల్లరము ఎరిగినదే. అట్టివారి కొక మాట చెప్పవచ్చును. మోటారుబండిమీద మొట్టమొదట దూరప్రయాణము చేసినది స్త్రీయే. 1888వ సంవత్సరము ఆగస్టులో బెర్తా బెంజు అను జర్మను ఇల్లాలు, తన భర్త కార్లు బెంజు నిర్మించిన మూడు చక్రముల బండిని ఆయనకు చెప్పకయే బయటికి తీసి, ఇద్దరు కుమారులతో మన్‌హైము పట్టణము నుండి ఫోర్జ్‌హైములోని పుట్టింటికి, నూరు కిలోమీటరులకు పైగా, వెళ్లినది. త్రోవలో బ్రేకుదిమ్మెలు అరిగిపోగా, చెప్పులు కుట్టువానిచే వానికి తోలు తొడిగించి ముందునకు సాగినది.

ఇక మన మంచు సంగతి. కారంచేడు చీరాలకును పర్చూరునకును నడుమ నున్నది. 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోనిది. అంతకు పూర్వము ప్రకాశము జిల్లాలోను, 1970కి పూర్వము గుంటూరు జిల్లాలోను ఉండెడిది. నేల నల్లరేగడి. కృష్ణా పశ్చిమడెల్టా నీటిని తెచ్చు కొమ్మమూరు కాలువ ఈ ప్రాంతముననే సాగుచున్నది. సముద్రమును దూరము కాదు. ఆకాశము నిర్మలముగా నుండి గాలి కదలని చలికాలపు రాత్రి, నేల తన వేడిమిని పైకి వదలి చల్లబడును. నేలను అంటియున్న గాలియు దానితోపాటు చల్లబడును. ఆ గాలిలో తడి సమృద్ధిగా నున్నచో అది కంటికి కనరానంత సన్నని నీటితుంపరలై నిలుచును. అదియే పొగమంచు. కాలువయు, తడిమళ్లును, సముద్రపు గాలియు నున్నచోట తడికి కొదువ యేమున్నది? చూపు వేయి మీటరులకు లోపడినపుడు వాతావరణ శాస్త్రజ్ఞులు దానిని పొగమంచు అందురు. మన పొలముల త్రోవలలో కొన్ని ఉదయములందు చూపు ముప్పది మీటరులైనను ఆనదు. సూర్యోదయమునకు ముందు గంటయు, ఉదయించిన పిమ్మట కొంతసేపును దీని బలము హెచ్చు. పొలములలో గడ్డి తగులబెట్టిన పొగ తోడైనచో మరింత చిక్కబడును, ఆ పొగలోని సూక్ష్మకణముల చుట్టునే నీటితుంపరలు చేరును గనుక. భోగినాటి తెల్లవారుజామున పాత టైరులను మంటలో వేయు అలవాటును ఈ కారణము చేతనైనను మానుట మంచిది.

పొగమంచులో నడుపువారు మొదట మనసున ఉంచుకొనవలసినది ఒక్క లెక్క. గంటకు 60 కిలోమీటరుల వేగమున పోవు కారు ఒక్క సెకనులో సుమారు 17 మీటరులు సాగును. ఎదుట నేదో కనబడి, అది యేమో మనసునకు తట్టి, కాలు బ్రేకుమీదికి పోవునప్పటికి ఒక సెకనుకు పైగా గడచును. అటుపిమ్మట బండి నిలుచుటకు, రోడ్డు పొడిగా నున్నను, మరి 20 మీటరులు కావలెను. తడి యున్నచో ఇంకను హెచ్చు. చూపు 30 మీటరులే ఆనుచుండగా ఈ వేగమున పోవువారు, అడ్డమున్నది కనబడిన వెంటనే ఆపగలమని తలచుట వట్టి భ్రమ. అదే 30 కిలోమీటరుల వేగమైనచో అంతయు కలిపి 20 మీటరులలోపల బండి నిలుచును. వేగము సగమునకు తగ్గినపుడు బ్రేకునకు పట్టు దూరము సగము గాక నాలుగవవంతునకు తగ్గునని ఈ లెక్కలోనే తెలియుచున్నది. ఎంత నెమ్మదిగా పోవలెనని అడుగువారికి మేము చెప్పునది ఇంతియే: కనబడుచున్నంత దూరములోపల ఆపగలిగినంత నెమ్మదిగా. ఒక కరెంటుస్తంభము వద్దకు వచ్చినపుడు తరువాతి స్తంభము కనబడకున్నచో రెండవ గేరును దాటకుండుట మేలు.

ఇచ్చటనే చేతిగేరు బండి మనకు తోడ్పడును. రెండవ గేరులో నున్న చిన్నకారు తనంతట తాను పరుగు తీయదు. యాక్సిలరేటరు నుండి పాదము తీసినంతనే ఇంజను బిగువుచేత బండి మందగించును. బ్రేకును మాటిమాటికి త్రొక్కనక్కరలేదు. 1983లో వచ్చి ముప్పది ఏండ్లు మన వీధులలో తిరిగిన మారుతి 800ను నడిపిన వారికి ఈ సంగతి చక్కగా తెలియును. పెద్ద గేరులో తేలికగా పోవు బండిలో కూర్చున్నవారికి వేగము తెలియదు. మంచులో చెట్లును స్తంభములును వెనుకకు పోవుట కనబడదు గనుక కంటికి కొలత చిక్కదు. అందుచే అప్పుడప్పుడు వేగము చూపు ముల్లువైపు చూచుట అవసరము.

దీపముల విషయమున చాలమంది పొరబడుచున్నారు. మంచు దట్టముగా నున్నదని హెడ్‌లైటును పైకి ఎత్తి వేయుదురు. ఆ వెలుగు నీటితుంపరలపై పడి తిరిగి మన కన్నులలోనే కొట్టును. ఎదుట తెల్లని గోడ నిలిచినట్లుండును. హెడ్‌లైటును క్రిందికి దించి యుంచవలెను. బండి అడుగుభాగమున మంచుదీపములు ఉన్నచో వానిని వెలిగింపవలెను.  నాలుగు వైపుల మినుకుమినుకు మను పసుపుదీపములను నడుచుచుండగా వేయరాదు. ఆగినప్పుడు వేయవలెను. నడుచుచు వేసినచో మనము ప్రక్కకు తిరుగుచున్నామో లేదో వెనుకవారికి తెలియదు. ముందు పోవు లారీ ఎర్రదీపమును చూచుకొనుచు దాని వెంబడి పోవుట కొందరికి ధైర్యముగా తోచును. ఆ లారీ నడుపువానికి త్రోవ కనబడుచున్నదని మనకు హామీ యెవరిచ్చిరి? కిటికీ అద్దమును రెండువ్రేళ్ల మేర దించి, పాటలను ఆపి, చెవులను కూడ పనిలో పెట్టుట ఇంతకంటె మంచిది. ట్రాక్టరు చప్పుడు కంటికంటె ముందు చెవికి అందును.

కిటికీ దించుటవలన మరియొక లాభము కలదు. కారులో ఐదుగురు కూర్చుండి ఊపిరి విడుచుచుండగా ఆ తడి చల్లని ముందుటద్దము లోపలివైపున ముసురుకొనును. బయటి మంచు చాలదన్నట్లు లోపల నొక మంచు. దానిని అరచేతితోనో పైటకొంగుతోనో తుడిచినచో జిడ్డు చారలు మిగిలి, ఎదుటి దీపముల వెలుగు వానిపై చెదరి, మరింత హాని కలుగును. చలికాలమున ఏసీ యేల యని కొందరందురు. ఏసీ గాలిని చల్లబరచుటయే గాక అందలి తడిని లాగివేయును. దానిని వెచ్చదనముతో కలిపి ముందుటద్దముపైకి త్రిప్పినచో అద్దము త్వరగా తేటపడును.

బయటివైపు తడిని తుడుచునది వైపరు. ఇదియు స్త్రీ బుద్ధికి తోచినదే యని మన పాఠకురాండ్రలో ఎందరికి తెలియునో! అమెరికాలోని అలబామా రాష్ట్రమునకు చెందిన మేరీ ఆండర్సను ఒక చలికాలమున న్యూయార్కు నగరములో ట్రాముబండి నెక్కెను. మంచు కురియుచుండగా ట్రాము నడుపువాడు అద్దమునుండి త్రోవ కానక అవస్థపడుట చూచెను. లోపల కూర్చుండియే పిడిని త్రిప్పి బయటి అద్దమును తుడువదగిన సాధనమును ఆమె కల్పించి 1903 నవంబరులో పేటెంటు పొందెను. దానిని కొనుమని ఒక కంపెనీ నడుగగా, అందు వ్యాపారమునకు విలువ లేదని వారు త్రోసిపుచ్చిరి. 1920లో పేటెంటు గడువు తీరినది. అటుపిమ్మట ప్రతి కారునకును వైపరు వచ్చినది. ఆమెకు మాత్రము దానివలన చిల్లిగవ్వ రాలేదు.

ఇంతవరకు నడుపువారికి చెప్పితిమి. త్రోవమీద నున్నవారికి చెప్పవలసినది ఇంతకంటె ముఖ్యము. నెలపట్టిన నాటినుండి సంక్రాంతి వరకు, అనగా డిసెంబరు నడుమనుండి జనవరి నడుమవరకు, మన స్త్రీలు తెల్లవారకముందే లేచి, వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గులు పెట్టుదురు. మునుపు వాకిలి యన్న ఇంటిదే. నేడు ఇండ్లు ముందునకు జరిగినవి, తారురోడ్లు వెడల్పైనవి. ముగ్గునకు మిగిలినది రోడ్డు అంచే. సంవత్సరమున మంచు మిక్కిలి దట్టముగా నుండు నెలలో, దినమున మిక్కిలి దట్టముగా నుండు గంటలో, మన ఆడపిల్లలు రోడ్డుమీద వంగి, వీపు బండ్లవైపు పెట్టి, చుక్కలు లెక్కపెట్టుకొనుచుందురు. ఇరువది యొక్క చుక్కల ముగ్గు పెట్టుచున్న పిల్లకు వెనుకనుండి వచ్చు కారు చప్పుడు వినబడునా? కారులోని వారికి నేలకు వంగియున్న మనిషి కనబడునా? నిలుచున్న మనిషికంటె కూర్చున్న మనిషి మంచులో చాల ఆలస్యముగా కనబడును. ఈ సంగతి తలచుకొనునపుడెల్ల మాకు గుండె దడదడలాడును.

ముగ్గు మానుమని మేము చెప్పము. ముగ్గులేని ధనుర్మాసము మనకును రుచింపదు. కాని కొన్ని ఏర్పాట్లు చేసికొనవచ్చును. ముగ్గు పెట్టుచోటికి ఇరుప్రక్కల, బండ్లు వచ్చు దిక్కున పదిపదునైదు మీటరుల ఎడముగా, ఒక స్టూలు వేసి దానిమీద ఛార్జింగు దీపమునుంచినచో చాలును. ఎర్రనిదైన మరింత మేలు. ఒకరు ముగ్గు పెట్టుచుండగా మరియొకరు నిలుచుండి త్రోవ కనిపెట్టవలెను. అవ్వలకును తాతలకును ఈ పని ఒప్పగించినచో వారికిని ప్రొద్దుపోవును. ముదురురంగు శాలువ కప్పుకొనుటకంటె తెల్లని దానిని కప్పుకొనుట మంచిది. పెద్దముగ్గును వెలుగు వచ్చిన పిమ్మట పెట్టుకొని, చీకటితో లోపలివాకిటనే చిన్నముగ్గుతో సరిపుచ్చినను శాస్త్రమునకు లోపము రాదు. నడుపువారి వంతు ఏమనగా, ఈ నెలలో ఏ ఊరిలో ప్రవేశించినను, ఊరు మొదలయిన చోటనుండి తుదివరకు, ప్రతి వాకిటను ఒక ఆడపిల్ల కూర్చుండి యున్నదనియే తలచి బండి నడుపవలెను. హరిదాసులును గంగిరెద్దులవారును ఆ వేళనే సంచరింతురు.

మన రోడ్లపై మంచులో మిక్కిలి భయంకరమైనది మరియొకటి కలదు. అది వెనుక దీపము లేని ట్రాక్టరు ట్రక్కు. ధాన్యపు బస్తాలతోనో గడ్డితోనో నిండి, రోడ్డు ప్రక్కన నిలిచియున్న ట్రక్కు దగ్గరకు పోవువరకు మంచుతో కలిసిపోయి యుండును. ట్రాక్టరు గల ఇంటి ఇల్లాండ్రకు మా విన్నపము: వెలుగుపడినంతనే మెరయు ఎర్రని పట్టీని బజారునుండి తెప్పించి ట్రక్కు వెనుక అంటింపజేయుడు. అది ఎక్కువ ఖర్చు గాదు. పురుషులు రేపు మాపని జరుపుచుందురు. మీరే ఒక మధ్యాహ్నము గుడ్డతో దుమ్ము తుడిచి అంటింపవచ్చును.

ఇక జారుడు మాట. మన ప్రాంతమున హిమము కురియదు. విశాఖ మన్యములోని లంబసింగివద్ద కొన్ని రాత్రులు చలి సున్న డిగ్రీలకు సమీపించి గడ్డిపై తెల్లని నూగు కనబడునే గాని, అచ్చటనైనను చక్రములు దిగబడు మంచు లేదు. అయినను జారుట యన నెట్టిదో కారంచేటివారికి తెలియకపోలేదు. మళ్లలోనుండి ఎక్కిన ట్రాక్టరు చక్రములు నల్లరేగడి మట్టిని తారురోడ్డుమీద ముద్దముద్దలుగా విడిచిపోవును. రాత్రి మంచుకు అది తడిసి, తెల్లవారుసరికి వెన్నపూసినట్లగును. దానిమీద బ్రేకు వేసినవారు స్టీరింగు ఒక ప్రక్కకు త్రిప్పగా బండి మరియొక ప్రక్కకు పోవుట చూచియే యుందురు. హిమము కురియు దేశములలో మైళ్లకొలది త్రోవ అట్లేయుండునని ఊహించుకొనవలెను. అచ్చటి కూతురికి పనికివచ్చు విద్యలో చాలభాగము ఈ రేగడిమట్టిమీదనే నేర్చుకొనవచ్చును.

ఆ విద్య యేమన, ఏ పనియు ఉలికిపాటుతో చేయకుండుట. బయలుదేరునపుడు మొదటి గేరులో చక్రములకు బలము హెచ్చుగా చేరి అవి ఉన్నచోటనే గిరగిర తిరుగును. అందుచే రెండవ గేరులో, క్లచ్చును పాలు పొంగకుండ మంట తగ్గించినంత నెమ్మదిగా వదలుచు, బయలుదేరవలెను. చక్రము తిరుగుచు బండి కదలకున్నచో యాక్సిలరేటరు మరింత త్రొక్కుట వలన గుంత లోతగునే గాని ఫలము లేదు. ఇచ్చట గోనెసంచియో వరిగడ్డియో ముందుచక్రముల క్రింద వేయుదుము. అచ్చటివారు ఇసుక చల్లుదురు. గేరు తగ్గించునపుడును క్లచ్చును ఒక్కసారిగా వదలరాదు. వదలినచో ఇంజను చక్రములను పట్టి లాగి, బ్రేకు వేసినట్లే జారించును. బండి జారుచున్నదని తోచినచో పాదములను అన్నింటిమీదనుండి నెమ్మదిగా తీసి, క్లచ్చు నొక్కి, పోదలచిన దిక్కునకే చూచుచు స్టీరింగును ఆ దిక్కునకు మెల్లగా త్రిప్పవలెను. చూచిన చెట్టునే బండి గుద్దుట అనుభవజ్ఞులు ఎరిగినదే. బ్రేకు త్రొక్కవలసివచ్చిన, 2019 ఏప్రిలు తరువాత మన దేశమున అమ్మిన క్రొత్తకార్లలో చక్రములు బిగుసుకొనకుండ కాపాడు ఏబీఎస్ అను సాధనము కలదు. వానియందు బ్రేకును గట్టిగా త్రొక్కి పట్టియుంచవలెను, పాదముక్రింద అదురు కలిగినను వదలరాదు. ఆ సాధనము లేని పాతబండిలో త్రొక్కుచు వదలుచు నుండవలెను.

హిమదేశములకే చెల్లు సంగతులు కొన్ని కలవు. గడ్డకట్టిన రోడ్డుమీద బండి నిలుచుటకు మామూలుకంటె పదిరెట్లు దూరము పట్టవచ్చునని బ్రిటిషు రహదారి నియమములు హెచ్చరించుచున్నవి. పై లెక్కను పదింతలు చేసి చూచిన 30 కిలోమీటరుల వేగము కూడ ఎంత హెచ్చో తెలియును. జర్మనీలో మంచుగాని మంచుగడ్డగాని ఉన్న రోడ్డుమీద చలికాలపు టైరులు లేనిదే నడుపుట చట్టవిరుద్ధము. 2024 అక్టోబరునుండి పర్వతము, అందులో మంచుపువ్వు గుర్తు గల టైరులనే వారు అంగీకరించుచున్నారు. ఉష్ణము 7 డిగ్రీలకు తగ్గినప్పటినుండి వేసవి టైరుల రబ్బరు గట్టిపడి పట్టు సడలుననుట దీనికి కారణము. అన్నింటికంటె మోసకరమైనది నల్లమంచు. అది గాజువలె పలుచగా రోడ్డుకు అంటుకొని, క్రింది తారురంగే కనబడునట్లుండును. చూచినవారు తడి యనుకొందురు. క్రిందనుండి నేల వెచ్చదనము అందని వంతెనలపై అది ముందుగా ఏర్పడును.

రాత్రి మంచు కురిసిన ఉదయము, బండిని స్టార్టు చేయకముందే వెనుక పొగగొట్టము చుట్టునున్న మంచును తొలగింపవలెను. అది మూసుకొని యుండగా ఇంజను నడిపినచో రంగు వాసన లేని విషవాయువు కారులోనికి వచ్చి, లోపల వెచ్చగా కూర్చున్న పిల్లలకు ప్రాణాపాయము కలుగును. తండ్రి బయట మంచు త్రవ్వుచుండగా తల్లియు బిడ్డలును కారులో కూర్చుండుట అచ్చటి సంసారములలో సామాన్యము గాన దీనిని నొక్కి చెప్పుచున్నాము. అద్దముమీది గడ్డకు వేడినీళ్లు పోయరాదు, అద్దము పగులును. చేతిబ్రేకు చలికి బిగుసుకొనుట కలదు; సమతలమున చేతిగేరు బండిని మొదటి గేరులో వదలి, చేతిబ్రేకు వేయకుండ నిలుపుకొనవచ్చును. ఇది ఆటోమేటికు కార్లవారు చూచి అసూయపడదగిన సౌకర్యము కాదు గాని, ఉన్నంతలో ఉపయోగకరమే.

ఆటోమేటికు ప్రసక్తి వచ్చినది గనుక నొక మాట. అమెరికాకు పోవు పిల్లలు అచ్చట క్లచ్చు మొగమే చూడరు. బ్రిటనులో చేతిగేరు కార్లు నేటికిని విరివిగా నున్నవి. మన దేశపు లైసెన్సు అచ్చట కాపురమునకు చేరినది మొదలు పండ్రెండు నెలలే చెల్లును. పిమ్మట వారి పరీక్షయందు నెగ్గవలెను. ఆ పరీక్షను ఆటోమేటికు కారులో ఇచ్చినవారికి చేతిగేరు బండి నడుపు అనుమతి రాదు. చేతిగేరులో నెగ్గినవారు రెండును నడుపవచ్చును. పెండ్లియై పోవు పిల్లకు చీరలు సర్దు తల్లులు, ఆమెకు క్లచ్చు మీద అలవాటు తప్పకుండ చూచిన ఎంతో మేలు చేసినవారగుదురు.

పాదరక్షల సంగతి చిన్నదిగా తోచును గాని కాదు. మూడు పెడళ్లు దగ్గరదగ్గరగా నుండు చిన్నకారులో మంచుబూట్ల లావునకు ఒకేసారి రెండు పెడళ్లు నొక్కుకొనును. పలుచని బూట్లు వేరుగా ఉంచుకొని నడుపునపుడు మార్చుకొనవలెను. మన యిండ్లలోను, కల్లాపి చల్లిన వాకిటనుండి తడిచెప్పులతో వచ్చి బండి నెక్కినచో క్లచ్చు మీదినుండి పాదము జారును. ఒక పాత తువాలును కాలి దగ్గర వేసికొని తుడుచుకొనవలెను. చీరకుచ్చెళ్లు పెడళ్లక్రిందికి పోకుండ దోపుకొనవలెను. మందపు కోటు తొడిగిన బిడ్డకు సీటుబెల్టు వదులుగా నుండును. కోటు విప్పి బెల్టు బిగించి పైన దుప్పటి కప్పవలెను.

మన త్రోవలపై మంచువేళ తొందర కలిగించునది ముఖ్యముగా రైలు. పండుగ దినములలో కూతురును అల్లుడును తెల్లవారుజామున చీరాల స్టేషనులో దిగుదురు. వారు ఎదురుచూచుచుందురేమో యని ఇచ్చట ఆదరాబాదరాగా బయలుదేరుదురు. ముందునాటి రాత్రియే ఫోనుచేసి, "మంచు విడిచాక వస్తాం, స్టేషనులో కాఫీ తాగి కూర్చోండి" అని చెప్పినచో అల్లునికి అవమానము కాదు. పసిబిడ్డ వెంటనున్నచో ఆ మాట మరింత అవసరము. ఎండ మొగమునకు తగులు వేళకు ఊరిలో మంచు విడిపోవును. కాలువగట్టు ప్రక్కను, తడిమళ్ల నడుమను మాత్రము అది మరికొంతసేపు నిలిచియుండును గనుక, ఊరిలో వెలుగు చూచి మూడవ గేరు వేసినవారు కొమ్మమూరు కాలువ సమీపించునప్పటికి మరల రెండవ గేరునకు దిగవలెను.